కేసీ కాలువ హిసాబ్



రంజాన్‌లో జకాత్ లెక్క తీసేటప్పుడు మన ఇళ్లలో ఒక సవాల్ వస్తూనే ఉంటుంది. ఆఫ్ఘనిస్తాన్ లాంటి కమ్‌జోర్ ముల్కులకు దునియా అంతా ఇన్నేళ్లు ఇమ్‌దాద్ పోసింది కదా, ఏం ఫాయిదా అని. జవాబు కోసం కాబూల్ దాకా పోనక్కర్లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకు నీళ్లిచ్చే కేసీ కాలువ తారీఖు చూస్తే చాలు.

1839లో కర్నూలు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ గద్దె దింపి తిరుచిరాపల్లికి తీసుకుపోయింది. మరుసటి ఏడాది ఆయన అక్కడే ఖత్ల్ అయ్యారు. రియాసత్ పోయిన ఇరవై ఏళ్లలోపే లండన్ షావుకార్లు మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పెట్టారు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట, అక్కడి నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ల నహర్. సేద్యానికి నీళ్లు, పైగా పడవల రవాణా. కాగితం మీద బ్రహ్మాండమైన నక్షా.

అసలు సంగతి షరతుల్లో ఉంది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం సూద్‌కు సర్కార్ హామీ ఇచ్చింది. నీళ్లు పారినా పారకపోయినా లండన్ షేర్‌దార్లకు వాళ్ల రకం ముట్టాల్సిందే. ఆ రకం వచ్చేది హిందూస్తాన్ ఖజానా నుంచి, అంటే రైతు కట్టే శిస్తు నుంచి. నుక్సాన్ భయం లేనివాడు ఖర్చు విషయంలో ఎంత జాగ్రత్త పడతాడో వేరే చెప్పాలా?

1871 నాటికి కాలువ తెరిచారు. రైతులు మాత్రం ఎగబడి రాలేదు. ఇంగ్లిష్ దొరలకు ఇది తాజ్జుబ్. నంద్యాల నల్లరేగడిని ఎరిగినవాళ్లకు అందులో వింతేమీ లేదు. ఆ నేల వానను పట్టి దాచుకుంటుంది. జొన్న, పత్తి దాని మీదే పండుతాయి. వాన సరిగ్గా పడిన ఏడు నీటి పన్ను కట్టి పొలం తడపడం ఎందుకని రైతు అనుకున్నాడు. అతణ్ణి జాహిల్ అన్నవాళ్లున్నారు. నా లెక్కలో అతను హిసాబ్ తెలిసినవాడు.

ఆ తర్వాత వచ్చింది ధాత కరువు, 1876-78. అప్పుడు అదే రైతులు కాలువ నీటికి పరుగులు పెట్టారు. నీళ్లందిన పొలాలు బతికాయి. కానీ కాలువ అందుకోగలిగిన నేల ఎంత? 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. 1882లో సర్కారే కొనేసుకుంది. ఆ కొనుగోలు భారమూ ఖజానాదే.

హెల్మండ్ కథ దీనికి సగా భాయి అనొచ్చు. 1946లో ఆఫ్ఘన్ బాద్‌షాహత్ ఒక అమెరికన్ కంపెనీని పిలిచింది. ముందు సొంత పైసలు, తర్వాత అమెరికా ఖర్జ్. 1953కల్లా కజాకీ డ్యామ్ లేచింది. నేల సంగతి సరిగ్గా చూడకుండానే నీళ్లు వదిలారు. చాలాచోట్ల భూగర్భ జలం పైకొచ్చి ఉప్పు తేలింది. 2008లో బ్రిటిష్ ఫౌజ్ వేలమంది పహరాతో కొత్త టర్బైన్‌ను అక్కడికి చేర్చింది. అది ఏళ్ల తరబడి బిగించకుండానే పడి ఉండిపోయింది.

అలాగని బయటి ఇమ్‌దాద్ అంతా బేకార్ అనను. 1996లో జపాన్ సర్కార్ సంస్థ ఓఈసీఎఫ్ కేసీ కాలువ ఆధునికీకరణకు సుమారు 1,600 కోట్ల యెన్‌ల ఖర్జ్ ఇచ్చింది, 2004లో రెండో విడత. ఇదీ వాపస్ చేయాల్సిన సొమ్మే. కానీ ఈసారి దానికి పని ఉంది. కాలువ పాతబడి నీళ్లు ఇంకిపోతున్నాయి, గట్లకు, తూములకు మరమ్మతు కావాలి. రైతుకు నీటి జరూరత్ గురించి ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఎదురుచూస్తోంది.

సిమెంటు వేస్తే గట్టు బాగుపడుతుంది గానీ నీళ్లు రావు కదా. ఈ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ రాసిచ్చింది 39.9 టీఎంసీలు. తుంగభద్రలో ప్రవాహం తగ్గిన ఏడు నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పొలాలు చూసేది శ్రీశైలం వైపే. పోతిరెడ్డిపాడు, బనకచర్ల, అక్కడి నుంచి నిప్పులవాగు మీదుగా కాలువలోకి. అది మన రాష్ట్రం లోపలి ఇంతెజామ్. ఏ విదేశీ బ్యాంకూ చేసిపెట్టేది కాదు.

మనకు నీటి ఇమ్‌దాద్ అంటే గుర్తొచ్చేది వేరే తరహా. హజ్రత్ ఉస్మాన్ (రజి) అమ్మకపు నీటి బావి బిఅరె రూమాను కొని వఖ్ఫ్ చేశారు. జుబైదా బేగం మక్కాకు నహర్ తవ్వించి, ఖర్చు కాగితాలను నదిలో వేయించారని రివాయత్. (ఇమ్‌దాద్ సంస్థలు ఈ ఒక్క సంగతి మాత్రం నేర్చుకోకుంటే మేలు!) ఆ నహర్ కూడా ఒకసారి తవ్వి వదిలేస్తే నిలవలేదు. పదహారో సదీలో సులేమాన్ సుల్తాన్ కూతురు మెహ్రిమా మళ్లీ బాగు చేయించింది. ఎన్నో నస్లులు దాని పూడిక తీశాయి.

కేసీ కాలువ మీద తూములు ఎత్తి దించే మనిషిని లస్కర్ అంటారు. ఫౌజ్ అనే అర్థమున్న మన లష్కర్ మాటే అది. 1997 చట్టంతో నీటి సంఘాలూ వచ్చాయి. కాలువ చివరి పొలానికి ఈ ఏడు నీళ్లు చేరతాయా లేదా అన్నది, లస్కర్ కొలువు భర్తీ అయిందా, సంఘం పూడిక తీయించిందా అన్న దాని మీదే ఉంది. జపాన్ ఖర్జ్ కాగితాల్లో ఆ లస్కర్ జీతం లేదు.