శిక్షా? శిక్షణా?

తెలుగులో 'శిక్ష' అంటే దండన, 'శిక్షణ' అంటే నేర్పడం. రెండింటికీ ధాతువు ఒక్కటే. దాని అర్థం నేర్చుకోవడం. వేదాంగాలలో ఉచ్చారణ నేర్పే శాస్త్రానికి శిక్ష అని పేరు. హిందీలో నేటికీ శిక్షామంత్రి అంటే విద్యామంత్రి. తెలుగువాడికి మాత్రం ఆ మాట వినగానే బెత్తం గుర్తుకొస్తుంది. లాటిన్‌లోని 'డిసిప్లినా'కూ ఇదే గతి పట్టింది. మొదట అది శిష్యుడు పొందే విద్య. తర్వాత మఠాలలో సన్యాసులు తమ ఒంటిని కొట్టుకునే కొరడాకు కూడా అదే పేరయింది.

మా తాతగారు వీధిబడిలో గోడకుర్చీ, కోదండం అనుభవించినవారు. నా బడిలో కోదండం లేదు గాని బెత్తం ఉండేది. లెక్క తప్పినందుకు కాదు, 'ఎందుకు' అని అడిగినందుకు నేను దెబ్బలు తిన్నాను. అదంతా క్రమశిక్షణ కోసమేనన్నారు.

బడి తర్వాత కర్మాగారం. పొలంలో పొద్దునుబట్టి పనిచేసిన మనిషిని యంత్రం ముందు నిలబెట్టడానికి ఇంగ్లండు యజమానికి గంటా, జరిమానా పుస్తకమూ కావలసివచ్చాయి. ఈ జరిమానాల సంగతి మార్క్సు 1867లోనే 'పెట్టుబడి'లో చెప్పాడు. గడియారం శ్రామికుని ఎలా లొంగదీసిందో ఇ.పి. థాంప్సన్ 1967లో వివరించాడు.

మన చరిత్రలో ఈ మాటకు పరీక్ష 1946 ఫిబ్రవరి 18న వచ్చింది. బొంబాయి 'తల్వార్' నావికులు పాడు తిండికీ, జాతి అవమానాలకూ ఎదురు తిరిగారు. అధికారుల దృష్టిలో అది క్రమశిక్షణారాహిత్యం. కాని ఆ నావికులే సమ్మె సంఘాన్ని ఎన్నుకున్నారు. కాంగ్రెసు, లీగు, కమ్యూనిస్టు జెండాలను కలిపి ఎగరేశారు. ఇంతకు మించిన క్రమశిక్షణ ఏముంటుంది? అయినా సైన్యంలో క్రమశిక్షణ చెడరాదనీ, స్వతంత్ర భారతానికీ సైన్యం కావాలనీ పటేల్ ఆ మార్చిలో ఒక ఆంధ్ర కాంగ్రెసు నాయకునికి వ్రాశాడు. పాలకులు మారబోతున్నారు, మాట అర్థం మాత్రం మారలేదు.

1975లో అత్యవసర పరిస్థితి వచ్చింది. వినోబా పలికిన 'అనుశాసన పర్వం' ప్రభుత్వ నినాదమయింది. రైళ్ళు వేళకు నడుస్తున్నాయని మెచ్చుకున్నవారు, జైళ్ళు నిండడం చూడలేదు. వామపక్షంలోనూ ఒక భాగం దాన్ని సమర్థించింది. ఈ సంగతి దాచడం మనకు తగదు. మన సంఘాలలో కూడా ప్రశ్నించిన వానిపై క్రమశిక్షణ చర్య అన్నప్పుడు నా అరచేయి మళ్ళీ చురుక్కుమంటుంది.

క్రమశిక్షణ వద్దని నేననను. అది లేనిదే సమ్మె నిలవదు, చదువు సాగదు. అయితే ఆ నియమాన్ని చేసిందెవరు? దాన్ని పాటించేవారికి మార్చే హక్కుందా? ఉంటే అది శిక్షణ. లేకుంటే, ఎవరు విధించినా, శిక్షే.