లేపాక్షి కప్పుమీది వస్త్రవైభవము

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, లేపాక్షిలో కూర్మశైలమను చిన్నగుట్టపై వెలసిన వీరభద్రాలయమునకు పోవు యాత్రికులు, నేలనంటని స్తంభము క్రింద గుడ్డపేలిక దూర్చి చూచి, ఏకశిలా నందికి మ్రొక్కి, ఆలయనిర్మాత విరూపణ్ణ తన కన్నులను తానే పెరికికొని గోడకు విసరెనను కథ విని, తృప్తులై మరలిపోవుదురు. మెడ పట్టివేయునంతసేపు తలయెత్తి మండపముల కప్పును పరిశీలించువారు అరుదు. మన పూర్వుల వేషభాషలలో భాషకు కావ్యములు సాక్ష్యమిచ్చినట్లు, వేషమునకు ఆ కప్పు సాక్ష్యమిచ్చుచున్నది.

అచ్యుతదేవరాయలు విజయనగరమును పాలించిన కాలమున (1529–1542) రాజోద్యోగులై యుండిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ యాలయమును విస్తరింపజేసి, శిల్పులు నిలిపిన రాతికప్పుపై సున్నపుగచ్చు పూయించి, పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము మొదలగు కథలను పొడవైన పట్టీలుగా వ్రాయించిరి. చిత్రకారుడు కథ చెప్పి ఊరకుండలేదు. చారలు, గళ్లు, పూలు, అంచులు, చెంగులు ఒకదానికొకటి పోలికలేనట్లు తీర్చినాడు. స్త్రీలు పురాణమునకు చెందినవారే గాని, వారు కట్టినది పదునారవ శతాబ్దపు చీరయే. నల్లని రేఖతో హద్దు గీచి లోపల వన్నె నింపెడి యా పద్ధతి శ్రీకాళహస్తి కలంకారీ పనివారి చేతిలో నేటికిని గలదు.

పురుషుల యుడుపు మరింత విచారణీయము. పారసీక, అరబ్బు దేశముల నుండి వచ్చిన కుళ్లాయియను ఎత్తు టోపీయు, కబాయియను పొడవు అంగీయు విజయనగరపు కొలువులో గౌరవచిహ్నములైనవి. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ రెండవ దేవరాయలను పట్టుకబాయితో చూచినాడు. 1520 ప్రాంతమున పోర్చుగీసు యాత్రికుడు పేస్ చూచిన కృష్ణరాయలు, బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రములు ధరించి, జరీకుళ్లాయి పెట్టి, పాదరక్షలు లేకయే యుండెను. తిరుమలలోని రాయల విగ్రహమునకును ఎత్తైన కుళ్లాయి కలదు. అంతకు పూర్వమే విజయనగరపు కర్ణాటరాజసభకు పోయిన శ్రీనాథుడు, కుళ్లాయి పెట్టి, కూర్పాసమను కుట్టుచొక్కా తొడిగి, వెల్లుల్లి తినవలసివచ్చెనని వాపోయిన చాటువు ప్రసిద్ధము. కవిసార్వభౌముని కష్టముల పట్టికలో వెల్లుల్లితోపాటు దర్జీయు చేరినాడన్నమాట! కాని ఒక శతాబ్దము గడచునప్పటికి, లేపాక్షిలో వీరభద్రుని చిత్రముచెంతనే ఆలయనిర్మాతలు కుళ్లాయిలతో చిత్రింపబడిరి. దైవసన్నిధియందు సైతము ఆ వేషము పరాయిదనిపించుకొనలేదు. కుట్టుబట్ట మన సంప్రదాయమునకు విరుద్ధమని వాదించువారు ఈ చిత్రము చూచినపిమ్మట మాటాడుట మేలు.

ఇక లతామండపము. అసంపూర్ణముగ మిగిలిన కల్యాణమండపమునకు చేరువనున్న ఈ మండపపు స్తంభములపై ఉలి చెక్కిన లతలు, పక్షులు, అల్లికలు లెక్కకు మిక్కిలి. చీరల యంచులకును, అద్దకపు బట్టలకును నమూనాలు గీయువారు వీనిని కొల్లగా గ్రహించినారు. హస్తకళాభివృద్ధి సంస్థవారి విక్రయశాలలకు సైతము లేపాక్షియను పేరే పెట్టబడినది. ఇంతవరకు బాగుగనే యున్నది; కాని స్తంభములవద్ద ఆగిన చూపు కప్పువరకు పోలేదు.

రాతిలోని లతలకు తొందరలేదు. గచ్చు మాత్రము పెచ్చులూడుచున్నది, వన్నెలు మాయుచున్నవి. చిత్రకళాశాలల విద్యార్థులు, నేతపనివారు, కుట్టుపని యెరిగిన దర్జీలు కూడి వచ్చి, ఆ కప్పుమీది ప్రతి యంచును, ప్రతి కుళ్లాయిని కొలతలతో, వన్నెలతో ఎత్తి వ్రాసికొనవలెను. అందుకు వలయు అనుమతిని, సాయమును అధికారులు సత్వరమే కల్పింపవలెను.