డెబ్బై రెండేళ్లకు పూర్తయిన దారి

జర్మనీ ఆటోబాన్‌లు హిట్లర్ బుర్రలో పుట్టాయని మన దగ్గర ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఆ దేశంలోకెల్లా పొడవైన ఏ-7 చరిత్ర చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

హాంబుర్గ్ వంటి ఉత్తరాది రేవు పట్టణాల నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దాకా, మోటారు బండ్లకు మాత్రమే రోడ్డు వేయాలని 1926లో ఒక సంఘం ఏర్పడింది. దాని పేరు హాఫ్రాబా. ఇంజనీర్లు ఏళ్ల తరబడి నక్షలు గీశారు గానీ పని మొదలు కాలేదు. ఆ ఆలోచనను మొదట్లో వ్యతిరేకించిన నాజీలే 1933లో గద్దెనెక్కగానే ఆ నక్షలు అందుకున్నారు. సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర హిట్లర్ చేత పార పట్టించి, ఘనతంతా తమ ఖాతాలో వేసుకున్నారు. అంతకు ముందే, 1932 ఆగస్టులో, కొలోన్ మేయర్ కొన్రాడ్ అడెనావర్ కొలోన్–బాన్ మోటారు రోడ్డును ప్రారంభించాడు. యుద్ధం వచ్చాక ఆటోబాన్ పనుల్లో యూదుల చేత, యుద్ధఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించారు. నాజీల ప్రచార చిత్రాల్లో వాళ్ల జాడ ఉండదు.

హాఫ్రాబా గీసిన దారిలో ఉత్తర భాగమే ఇవాళ్టి ఏ-7లో కలిసింది. డెన్మార్క్ సరిహద్దున ఫ్లెన్స్‌బుర్గ్ దగ్గర మొదలై హాంబుర్గ్, హానోవర్, కాసెల్, ఫుల్డా, వుర్జ్‌బుర్గ్, ఉల్మ్ దాటి, ఆల్ప్స్ పాదాల దగ్గరి ఫ్యూసెన్‌లో ఆస్ట్రియాను తాకుతుంది. మొత్తం 962 కిలోమీటర్లు. ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు మీదుగా దిగే మన 44వ నంబరు జాతీయ రహదారిలాగే ఇదీ దేశానికి నిలువు గీత.

గొట్టింగెన్–కాసెల్ ముక్క 1937లో తెరిచారు. అదే ఏడు ఫుల్డా ప్రాంతం నుంచి వుర్జ్‌బుర్గ్ వైపు మొదలెట్టిన పని 1939లో యుద్ధంతో ఆగిపోయింది. సగం కట్టిన వంతెనలు, తూములు ఈనాటికీ అక్కడి అడవుల్లో నిలబడి ఉన్నాయి. ఆ దారిని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. దేశం రెండు ముక్కలయ్యాక బెర్లిన్–మ్యూనిక్ ఆటోబాన్‌లో చాలా భాగం తూర్పు జర్మనీలో ఉండిపోయింది. పశ్చిమానికి తనదంటూ ఉత్తర దక్షిణ దారి కావలసి వచ్చింది. పాత గీతను వదిలేసి, రోన్ కొండల మీదుగా కొత్త రోడ్డు వేసి 1968లో ఫుల్డాను వుర్జ్‌బుర్గ్‌తో కలిపారు. నా దృష్టిలో ఏ-7కు ఈనాటి రూపం ఇచ్చింది నాజీల కాలం కన్నా ఈ విభజనే.

1975 జనవరిలో హాంబుర్గ్‌లో ఎల్బ నది కింద మూడు గొట్టాల సొరంగం తెరిచారు. అదీ చాలక 2002లో నాలుగోది వచ్చింది. ఇక దక్షిణాన నెస్సెల్‌వాంగ్–ఫ్యూసెన్ మధ్య మిగిలిన చివరి ముక్క 2009 సెప్టెంబరులో గానీ పూర్తి కాలేదు.

ఇప్పుడు పాత కట్టడాల వంతు. కీల్ కాలువ మీద 1972 నాటి రాడర్ వంతెన స్తంభాల పైభాగంలో 2013లో కాంక్రీటు దెబ్బతిన్నట్టు బయటపడి, బరువైన లారీలను కొన్నాళ్లు ఆపేశారు. ఇప్పుడు కొత్త వంతెన కడుతున్నారు. సగం పక్కన కట్టి, బండ్లను దాని మీదికి మళ్లించి, పాతది తీసేసి మిగతా సగం కట్టాలన్నది పథకం.

హాంబుర్గ్‌కు ఉత్తరాన బోర్డెస్‌హోల్మ్ దాకా రోడ్డును ఆరు వరసలకు పెంచారు. నగరంలో ఎనిమిది వరసల దాకా పోయింది. అయితే అన్నిటికన్నా మెచ్చుకోవలసిన పని వరసలు పెంచడం కాదు, రోడ్డుకు పైకప్పు వేయడం. దశాబ్దాలుగా ఈ రోడ్డు ఊరిని రెండుగా చీల్చింది, పక్కనున్నవాళ్లను హోరుతో వేధించింది. అందుకని ష్నెల్సెన్, ష్టెల్లింగెన్, ఆల్టోనా పేటల్లో రోడ్డును కప్పేసి, పైన మట్టి పోసి, పార్కులు, తోటలు వేయాలని నిర్ణయించారు. ఊళ్లోని కొన్ని చిన్న తోటలను ఆ కప్పు మీదికి తరలించి, ఖాళీ అయిన స్థలాలను ఇళ్లకు అమ్మి, ఖర్చులో నగరం వాటాకు డబ్బు సమకూర్చుకుంటున్నారు. మొదటి రెండు కప్పులూ పూర్తయ్యాయి. మూడింటిలోకీ పెద్దది ఆల్టోనాది. దాని పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే.