ఈథరు పేరిట వల

ఒకే భవనములోని కంప్యూటర్లను కలుపు వలకు ఈథర్‌నెట్ అని పేరు. నెట్ అనగా వల. మరి ఈథరు అననేమి?

పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు, అలలకు నీరు వలె కాంతికిని ఒక ఆధారద్రవ్యము ఉండవలెనని తలచి, దానిని ఈథరు అనిరి. 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లీ అనువారు ప్రయోగము చేసి వెదకగా దాని జాడ కానరాలేదు. 1905లో ఐన్‌స్టైన్ దాని అవసరమే లేదనెను. అయినను రేడియోవారి నోట ఆ మాట చాలకాలము నిలిచినది. శబ్దమునకు ఆకాశమే ఆశ్రయమని మన తార్కికులు చెప్పియుండిరి గనుక, ఆకాశవాణి శ్రోతలమైన మనకు ఈ ఊహ క్రొత్త కాదు.

1973 మే 22వ తేదీన, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ తోటివారికి ఒక లేఖ వ్రాసెను. అచ్చటి ఆల్టో కంప్యూటర్లన్నిటిని ఒకే మార్గమునకు తగిలించి మాటలాడింపవలెనని అతని సంకల్పము. దీనికి ప్రేరణ హవాయి దీవులది. అచ్చటి విశ్వవిద్యాలయమువారు 1971లో అలోహా అను రేడియో వలను నడపిరి. అందు ప్రతి కేంద్రము తనకు తోచినపుడు సందేశమును పంపును. రెండు ఒకేసారి బయలుదేరినచో ఢీకొని రెండును చెడును. ఈ ఢీకే కొలిజన్ అని పేరు. ఆ పద్ధతిలో మార్గపు శక్తి నూటికి 18 పాళ్లకు మించి వినియోగపడదని లెక్క తేలినది.

మెట్కాఫ్, అతని సహచరుడు డేవిడ్ బాగ్స్ దీనిని చక్కదిద్దిరి. ముందు వినవలెను, మార్గము ఖాళీగానున్న పలుకవలెను, ఇంతలో మరొకరి పలుకు తగిలినచో ఇరువురును ఆగవలెను. రచ్చబండ మర్యాద ఇదియే గదా! అచ్చట ఎల్లరును దీనిని పాటింతురని మాత్రము మేము చెప్పజాలము. ఎంతసేపు ఆగవలెనను దానిని పాచిక వేసినట్లు నిర్ణయించుటలోనే కిటుకున్నది. ఇరువురును సమానకాలము ఆగినచో మరల ఢీకొనక తప్పదు.

తీగ అనక ఈథరు అనుటకు కారణమును ఆ లేఖయే తెలుపుచున్నది. నేడు తీగ కావచ్చును, రేపు మరేదియైన కావచ్చును; పేరు వస్తువునకు కట్టుబడరాదని అతడు తలచెను. ఆ తలపు ఫలించినది. మొదట లావుపాటి తీగ, పిదప సన్ననిది, 1990లో మెలిపెట్టిన జంటతీగ, మరొకవంక గాజుపోగు వచ్చినవి. స్విచ్ అను పరికరము ప్రతి యంత్రమునకు వేరుదారి నిచ్చుటతో ఆ ఢీకొనుటయు తొలగినది. అందరును పంచుకొను ఈథరు అనదగినది అందు నేడు లేదు. పేరు మాత్రము ఉన్నది.

నిజముగా ఆకాశమున నడచు వైఫైకి ఆ పేరు దక్కలేదు. కాని, విని పలుకు మర్యాద అందు నేటికిని సాగుచున్నది.