ఏ వేళకా నవల

"ఏదైనా మంచి నవల చెప్పండి" అని అడిగినవాళ్ళకి గొప్ప నవలల జాబితా చేతికిస్తే లాభం లేదు. జ్వరం తగ్గినవాళ్ళకి పథ్యం, పెళ్ళివారికి విందు. నవలకీ అదే లెక్క. అందుకే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఇవాళ మీ మనసెలా వుంది?"

నవ్వుకోవాలని వుందా? మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' పట్టుకోండి. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు సీమకి బయల్దేరి, దొరసానుల టోపీ కొనుక్కుని దర్జాగా నెత్తిన పెట్టుకుంటాడు. వందేళ్ళు దాటినా ఆ టోపీ మాయలేదు!

నిద్ర పాడయినా ఫర్వాలేదనుకుంటే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంటు రాజునీ పిలవండి. పొయ్యి మీది పాలు మాత్రం దింపి మొదలుపెట్టండి. కాకతీయుల కాలానికి వెళ్ళాలనుంటే అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' వుండనే వుంది. మనసు గట్టి చేసుకున్ననాడు ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' చదవండి. 1922లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నవలంటే దొరలకీ భయమే నన్నమాట!

దొరలదాకా ఎందుకు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు భయపడలేదూ? మా మేనత్త అద్దెకు తెచ్చిన నవలని బియ్యం డబ్బాలో దాచుకుని చదివేది. "నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారు" అనేవారు ఆవిడ మామగారు. ఏమిటా భయం? నాకు ఇద్దరు రాజశేఖరాల దగ్గర జవాబు దొరికింది.

కందుకూరి వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో వచ్చి, 1880లో పుస్తకమైంది. ధవళేశ్వరం రాజశేఖరుడుగారు ముఖస్తుతులకు పొంగిపోయి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, ఇల్లు గుల్ల చేసుకుంటారు. ఆయనతోపాటు భార్యాబిడ్డలకీ కష్టాలే. ఆ ఆడవాళ్ళ చేతిలో ఏముంది గనక?

ఎనభై ఏళ్ళు దాటాక, 1960ల మధ్యలో, యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వచ్చింది. అందులోనూ ఒక రాజశేఖరం వున్నాడు. అయితే అతనికి ఎదురు నిలిచిన జయంతి ఉద్యోగం చేసుకునే పిల్ల. ప్రేమకథే, కాదనను. నాయకుడు కలల్లో రాకుమారుడే, అదీ కాదనను. కాని మా మేనత్తకి గుర్తుండిపోయింది రాకుమారుడు కాదు. "ఆ పిల్ల సొంత జీతం మీద బతుకుతుందే!" అనేది పదిసార్లు. ఆ యేడే కూతుర్ని టైపు నేర్చుకోడానికి పంపింది. మామగారు వద్దన్నారు. అత్త వినలేదు.

కనక ఎవరైనా "కాలక్షేపం నవలలు" అని మూతి విరిస్తే నేను వాదన పెట్టుకోను. ఇద్దరు రాజశేఖరాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. మధ్యలో వున్న ఎనభై యేళ్ళూ మన కథే.