మెదడు సంబంధిత దృష్టి లోపం – పిల్లలకు పునరావాసం

కంటి నుంచి వచ్చే సంకేతాలను మోసే మెదడులోని నాడీమార్గాలో, చూసినదాన్ని పోల్చుకునే మెదడు భాగాలో దెబ్బతిని చూపు తగ్గడాన్ని సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్ లేదా సీవీఐ అంటారు. కంటిలో లోపమేమీ లేకపోవచ్చు. ఉన్నా, చూపు అంతగా తగ్గడానికి అదొక్కటే కారణం కాదు. అభివృద్ధి చెందిన దేశాల్లో పిల్లల దృష్టి లోపానికి ఇది ప్రధాన కారణం. దెబ్బతిన్న మెదడు భాగాన్ని బాగుచేసే మందు గానీ ఆపరేషన్ గానీ లేవు. మిగిలిన చూపును వాడుకలోకి తేవడమే పునరావాసం లక్ష్యం.

కారణాలు

కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం ముఖ్య కారణం. నెలలు నిండకుండా పుట్టినవారిలో మెదడు లోపలి తెల్లపదార్థం దెబ్బతిని, తరచు చూపులో కింది భాగం పోతుంది. పుట్టిన తొలి రోజుల్లో రక్తంలో చక్కెర బాగా పడిపోతే తల వెనుక భాగంలోని దృష్టి కేంద్రం దెబ్బతింటుంది. మెనింజైటిస్, మెదడులో నీరు చేరడం, తలకు గాయం ఇతర కారణాలు. చాలామందికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపులో లేకపోవడం), మూర్ఛ కూడా ఉంటాయి.

లక్షణాలు

చూపు ఒక్కో పూట ఒక్కోలా ఉంటుంది, అలసటతో తగ్గుతుంది. కదలని బంతిని పట్టించుకోని బిడ్డ, అది దొర్లితే చూడవచ్చు. కొందరు బొమ్మల కుప్పలో తమ బొమ్మను గుర్తించలేరు, మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటారు, మెట్లు దిగడానికి జంకుతారు. దీన్ని మొండితనమనో, మందబుద్ధి అనో పొరబడటం సాధారణం.

అంచనా

అక్షరాలు రాని పిల్లల చూపును చారల కార్డులతో కొలుస్తారు. ఎంఆర్ఐలో మెదడు గాయం కనిపించవచ్చు. అయితే ఇంట్లో బిడ్డ ఎలా చూస్తుందో తల్లిదండ్రులు చెప్పే వివరాలే కీలకం. అమెరికాకు చెందిన క్రిస్టీన్ రోమన్-లాంట్జీ రూపొందించిన ‘సీవీఐ రేంజ్’ 10 లక్షణాల ఆధారంగా బిడ్డను మూడు దశల్లో ఒకదానిలో ఉంచుతుంది.

పునరావాసం

ముందుగా కళ్లద్దాలు అవసరమేమో చూస్తారు. ఎందుకంటే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దగ్గరి వస్తువులు మసకగా కనిపించడం ఎక్కువ. తర్వాతి పని ఇంటినీ బడినీ బిడ్డకు అనువుగా మార్చడం. నల్లగుడ్డ మీద ఒకే ఒక్క ఎర్రని లేదా పసుపుపచ్చని వస్తువు ఉంచి, దాన్ని కదిలించి, బిడ్డ చూసేదాకా ఆగుతారు. ఆ సమయంలో టీవీ ఆపేస్తారు. మెడ నిలవని బిడ్డకు ఒంటికి ఆసరా ఇస్తారు. కింది భాగం కనబడని బిడ్డకు పళ్లెం కాస్త ఎత్తులో పెడతారు. చదివేవారికి పేజీలో ఒక్క వరుసే కనిపించేలా మిగతాది కప్పుతారు. ప్రత్యేక తరగతుల కంటే స్నానం, తిండి, ఆట వేళల్లో రోజూ జరిగే అభ్యాసమే ఇందులో ముఖ్యం. చాలామందిలో చూపు కొంతవరకు మెరుగవుతుంది, పూర్తిగా మామూలు కావడం అరుదు.

సేవలు

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పిల్లల దృష్టి పునరావాస సేవలున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు పిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించి ఉచితంగా సేవలందిస్తాయి. మూడు నెలలు నిండినా ముఖం వైపు చూడని బిడ్డను, ముఖ్యంగా పుట్టిన వెంటనే ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న బిడ్డను, ఆలస్యం చేయకుండా కంటి వైద్యులకు చూపించాలి.