పాత బండి ఎంతవరకు పాతది?

అమలాపురం, కొత్తపేట షెడ్లలో పాత అంబాసిడర్‌ను బాగుచేయడమంటే ఒకటే పద్ధతి. తుప్పు గీకాలి, టింకరింగ్ చేయాలి, లప్పం పెట్టాలి, మీద మెరిసే రంగు కొట్టాలి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో వాడకం బండికి ఇది సరైన పనే. ఆ బండే చరిత్రకు సాక్ష్యం అయినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. గీకిన పొరతో పాటు ఏం పోతోందో ఎవరూ రాసిపెట్టరు. దీన్ని ఆలోచించడానికి పనికొచ్చే బండి అమెరికాలో ఉంది: షెల్బీ డేటోనా కూపే, ఛాసిస్ నంబరు సీఎస్‌ఎక్స్ 2287.

కారల్ షెల్బీ తయారుచేసిన కోబ్రా పైకప్పు లేని రేసు కారు. 4.7 లీటర్ల ఫోర్డ్ వీ8 ఇంజన్‌కు బలం తక్కువేమీ కాదు. కానీ ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో అప్పట్లో ఆరు కిలోమీటర్ల మేర సాగిన తిన్నని దారిలో గాలి దాన్ని పట్టి ఆపేది. ఫెరారీ 250 జీటీఓ దాటిపోయేది. యువ డిజైనర్ పీట్ బ్రాక్ అదే ఛాసిస్ మీద వాలుగా దిగే పైకప్పు పెట్టి, వెనక భాగాన్ని కత్తితో కోసినట్టు నిటారుగా ముగించాడు. అలాంటివి ఆరే ఆరు తయారయ్యాయి. మొదటిదైన 2287 కాలిఫోర్నియాలో పుట్టింది. మిగతా ఐదింటి బాడీలు ఇటలీలోని మోడెనాలో కొట్టినవి. చేతిపని కనుక ఆరూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. అందుకే ఒకదాన్ని చూసి మరోదాన్ని సరిచేయడం ప్రమాదం.

1964 ఫిబ్రవరిలో డేటోనా పందెంలో 2287 ముందంజలో ఉండగా పిట్‌లో మంటలు లేచి బయటికొచ్చేసింది. మరుసటి నెల సెబ్రింగ్‌లో జీటీ తరగతి గెలిచింది. ఆ ఏడాది లె మాన్‌లో దీన్ని అనర్హం చేశారు. అక్కడ జీటీ తరగతి గెలిచి మొత్తం మీద నాలుగో స్థానంలో నిలిచింది దీని తోడుబండి 2299. ఈ రెండు బండ్ల ఘనతను కలిపేసి చెప్పడం తేలిక, కనుక నంబరు చూసుకోవాలి. 1965లో జీటీ తయారీదార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ షెల్బీకి దక్కింది. అదే ఏడాది నవంబరులో 2287ను బోన్‌విల్ ఉప్పు మైదానంలో వేగపు రికార్డుల కోసం పరుగెత్తించారు.

ఆ తర్వాత పనైపోయిన రేసు కారు ఎవరిక్కావాలి? చేతులు మారింది. సంగీత నిర్మాత ఫిల్ స్పెక్టర్ దగ్గర కొన్నాళ్లు ఉంది. ఆపై దశాబ్దాల పాటు కాలిఫోర్నియాలో ఒక అద్దె గోదాములో పడి ఉంది. 2001లో బయటపడి, యాజమాన్యంపై కోర్టు తగాదా నడిచాక, ఫిలడెల్ఫియాలోని న్యూరోసర్జన్ ఫ్రెడరిక్ సిమియోన్ సేకరణలో స్థిరపడింది. ఆయన దాన్ని గీకించి రంగు వేయించలేదు. నడపడానికి కావలసినంత వరకే పని చేయించారు. నా లెక్కలో ఈ బండిని కాపాడింది ఎవరి శ్రద్ధా కాదు, ఎవరూ పట్టించుకోకపోవడం. ప్రేమించే యజమాని దొరికి ఉంటే 1970ల్లోనే తళతళలాడే రంగు పడేది.

అలాగని "అసలు" అనే మాటను ఎక్కువ నమ్మకూడదు. రేసు బండికి పందెం పందేనికీ భాగాలు మారుతాయి. కనుక 2287 చూపించేది పుట్టినప్పటి రూపం కాదు, చివరి పరుగు నాటి రూపం. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహన రిజిస్టర్‌లో మొదటి పేరుగా దీన్నే నమోదు చేశారు. కొలతల చిత్రాలు, ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం తీశారు.

ఇదే కొలబద్ద కోనసీమలోని అంతర్వేదికి తెస్తే సరిపోదు. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. అది సుమారు ఆరు దశాబ్దాల నాటి, 40 అడుగుల చెక్క రథం. దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. టేకుతో కట్టిన కొత్త రథం 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి నాడు, కదిలింది. తాడు పట్టుకున్నవాళ్లకు అది స్వామివారి రథమే. నకలా, అసలా అన్న వాదనకు అక్కడ చోటు లేదు. జగ్గన్నతోటలో కనుమ నాడు కలిసే ఏకాదశ రుద్రుల ప్రభలనూ ఏటేటా కొత్తగా అలంకరిస్తారు కదా. కొత్తదనం అక్కడ సంప్రదాయంలోనే భాగం.

అయినా ఆ మంటల్లో పోయింది పాత వడ్రంగుల పనితనపు సాక్ష్యం: ఏ కీలు ఎలా బిగించారు, ఇరుసు ఎక్కడ అరిగింది, చక్రానికి మరమ్మతు ఎవరు చేశారు. ఫోటోలు పై రూపం మాత్రమే చెబుతాయి. కోనసీమలో ఇంకా షెడ్లలో ఉన్న చెక్క రథాలకు ఉత్సవం ముందు టేపు పట్టి ఇరుసులు, కీళ్లు, చక్రాలు కొలిచి, పడిన అతుకులను తేదీతో రాసిపెడితే చాలు. ఆ పనికి ఒక వడ్రంగి, ఒక డిప్లొమా ఇంజినీరు సరిపోతారు.